ఔన్నత్యానికి దీర్ఘకాలికత లక్షణమా? : అమెరికన్ ఫుట్‌బాల్ రన్నింగ్ బ్యాక్‌ల స్థాననిర్ణయం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

అమెరికన్ ఫుట్‌బాల్‌లో రన్నింగ్ బ్యాక్ స్థానంలో ఆడేవారి గొప్పతనాన్ని, వారు క్రీడాజీవితం మొత్తంలో పరుగెత్తిన గజాల సంఖ్యతో నిర్ణయించడం పరిపాటి. ఆ సంఖ్య ఎక్కువ కాలం ఆడినవారికే దక్కుతుంది. కాబట్టి ఎక్కువ కాలం ఆడటమే గొప్పతనమా అన్న ప్రశ్న సహజంగానే తలెత్తుతుంది. దీర్ఘకాలికతను ఔన్నత్యానికి లక్షణంగా చెప్పినప్పుడు అందులో అవ్యాప్తి, అతివ్యాప్తి దోషాలు ఏ మేరకు ఉన్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ దోషాలు ఉన్నప్పటికీ ఈ ఒక్క స్థానంలో దీర్ఘకాలికతను తేలికగా తోసిపుచ్చడానికి ఎందుకు వీలులేదో వివరిస్తుంది.

కీలకపదాలు: అమెరికన్ ఫుట్‌బాల్, రన్నింగ్ బ్యాక్, దీర్ఘకాలికత, లక్షణదోషాలు, ఎమిట్ స్మిత్, ఫ్రాంక్ గోర్, బ్యారీ శాండర్స్.

ఉపోద్ఘాతం:

2002 అక్టోబరు 27న డల్లాస్ నగరశివారులోని టెక్సాస్ స్టేడియంలో డల్లాస్ కౌబాయ్స్ ఆటగాడు ఎమిట్ స్మిత్ నాలుగో పాదంలో పదకొండు గజాల పరుగు తీశాడు. ఆ పరుగుతో వాల్టర్ పేటన్ పేరిట ఉన్న 16,726 గజాల రికార్డు చెరిగిపోయింది. ఆట ఆపి సంబరం చేశారు. ఆ రోజు ఆటలో మాత్రం సియాటిల్ సీహాక్స్ చేతిలో డల్లాస్ 14–17 తేడాతో ఓడిపోయింది. ఆ ఏడాది ఆ జట్టు గెలిచినవి ఐదు ఆటలే. అప్పటికి స్మిత్ వయసు ముప్పైమూడు. జట్టు స్థితితోగాని, తన నాటి వేగంతోగాని నిమిత్తం లేకుండా అతడు చరిత్రలో అందరికంటే ఎక్కువ దూరం పరుగెత్తినవాడయ్యాడు. ఆ తరువాత మరి రెండేళ్లు అరిజోనా జట్టులో ఆడి, 2004 చివర విరమించేసరికి మొత్తం 18,355 గజాలకు చేరుకున్నాడు. నేటికీ అదే రికార్డు.

అందరికంటే ఎక్కువ దూరం పరుగెత్తినవాడు అందరికంటే గొప్పవాడా? అమెరికాలో ఈ ప్రశ్నకు అవునని జవాబు చెప్పేవారు తక్కువ. జిమ్ బ్రౌన్, బ్యారీ శాండర్స్, వాల్టర్ పేటన్ పేర్లే ముందుగా వినిపిస్తాయి. స్మిత్ పేరు వచ్చినప్పుడు "చాలాకాలం ఆడాడు" అన్న మాట సగం ప్రశంసగా, సగం ఆక్షేపణగా వెంటవస్తుంది. ఈ సగం సగం తీర్పు వెనుక ఉన్న తర్కాన్ని విడదీసి చూడవలసి ఉంది.

రన్నింగ్ బ్యాక్ పని – స్వరూపం:

తెలుగు పాఠకుడికి ఫుట్‌బాల్ అంటే కాలితో బంతిని తన్నే ఆట. అమెరికన్లు ఆ పేరుతో పిలిచే ఆటలో బంతి ఎక్కువసేపు చేతుల్లోనే ఉంటుంది. ఒక్కో వైపు పదకొండుమంది, మధ్య నూరు గజాల మైదానం. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు సాగాలి. సాగితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి, లేకుంటే బంతి ప్రత్యర్థికి పోతుంది. బంతిని విసిరి ముందుకు పంపడం ఒక మార్గం. చంకలో ఇరికించుకొని మనుషుల మధ్యనుంచి దూసుకుపోవడం రెండో మార్గం. ఆ రెండో పని ప్రధానంగా రన్నింగ్ బ్యాక్‌ది.

కబడ్డీలో కూతకు వెళ్లినవాడిని గొలుసుకట్టి చుట్టుముట్టే దృశ్యం కొంతవరకు దీనికి దగ్గరగా ఉంటుంది. అయితే కబడ్డీలో కూతగాడు ఒంటరి. ఇక్కడ రన్నింగ్ బ్యాక్‌కు ముందు, నూటముప్పై కిలోలకు పైబడిన లైన్‌మెన్ ఐదుగురు ప్రత్యర్థులను నెట్టి సందు చేస్తారు. ఆ సందు క్షణంలో మూసుకుపోతుంది. దాన్ని కనిపెట్టి దూరడం, దూరిన తరువాత మీదపడే దేహాలను తప్పించుకోవడమో ఢీకొట్టడమో చేయడం ఇతని విద్య. ఒక ఆటలో ఇరవైసార్లు బంతి అందుకుంటే దాదాపు ఇరవైసార్లూ చివరకు నేలకూలవలసిందే. టాకిల్ అనే ఆ కూల్చివేత ఆటలో ప్రమాదం కాదు, నియమం.

ఈ కారణంగా రన్నింగ్ బ్యాక్‌ల క్రీడాజీవితం మిగిలిన స్థానాలవారితో పోలిస్తే పొట్టిది. ముప్పై ఏళ్లు దాటిన రన్నింగ్ బ్యాక్‌ను జట్లు అనుమానంగానే చూస్తాయి. అదే వయసులో క్వార్టర్‌బ్యాక్ అప్పుడే పరిపక్వతకు వచ్చాడని భావిస్తాయి. దీర్ఘకాలికత విలువ స్థానాన్ని బట్టి మారుతుంది. ఈ అంశాన్ని పక్కనపెట్టి చేసిన చర్చ ఏదైనా దారి తప్పుతుంది.

లక్షణ పరీక్ష:

తర్కశాస్త్రంలో ఒక వస్తువుకు లక్షణం చెప్పినప్పుడు అది మూడు దోషాలకు దూరంగా ఉండాలి. కపిలవర్ణం ఆవుకు లక్షణమంటే తెల్లావు మిగిలిపోతుంది, అది అవ్యాప్తి. కొమ్ములుండటం లక్షణమంటే గేదె కూడా వచ్చి చేరుతుంది, అది అతివ్యాప్తి. చీలని గిట్ట ఉండటం లక్షణమంటే ఏ ఆవుకూ వర్తించదు, అది అసంభవం. "దీర్ఘకాలం ఆడినవాడే మహోన్నతుడు" అన్న వాక్యానికి అసంభవ దోషం లేదు. పదమూడు సీజన్లలో ఒక్క ఆటకు మాత్రమే దూరమైన పేటన్ ఒక్కడు చాలు ఆ సంగతి చెప్పడానికి. మిగిలిన రెండు దోషాలే చూడవలసినవి.

అవ్యాప్తికి మొదటి సాక్షి గేల్ సేయర్స్. షికాగో బేర్స్ తరఫున 1965 నుంచి 1971 వరకు ఆడినది 68 ఆటలు, పరుగెత్తినది 4,956 గజాలు. స్మిత్ మొత్తంలో ఇది మూడో వంతు కూడా కాదు. కాని 1965 డిసెంబరు 12న రిగ్లీ ఫీల్డ్ బురదలో, మిగిలినవారు నిలదొక్కుకోవడానికే తడబడుతున్న వేళ, సేయర్స్ ఒకే ఆటలో ఆరు టచ్‌డౌన్లు చేశాడు. 1968లో మోకాలు దెబ్బతింది. మరుసటి ఏడాది తిరిగివచ్చి 1,032 గజాలతో లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచాడు. ఆపైన రెండో మోకాలు పోయింది. 1977లో ముప్పైనాలుగేళ్ల వయసులో, హాల్ ఆఫ్ ఫేమ్‌లో ప్రవేశించినవారిలో అతి పిన్నవయస్కుడిగా గౌరవం పొందాడు. ఓహాయో రాష్ట్రంలోని క్యాంటన్‌లో ఉన్న ఆ సంస్థలో స్థానం దొరకడమే ఈ క్రీడలో ఔన్నత్యానికి లోకం అంగీకరించిన ముద్ర.

రెండో సాక్షి టెరెల్ డేవిస్. 1995లో ఆరో రౌండులో, అంటే పెద్దగా ఆశలు లేకుండా, డెన్వర్ బ్రాంకోస్ తీసుకున్న ఆటగాడు. 1998లో 2,008 గజాలు పరుగెత్తాడు. జట్టు వరుసగా రెండు సూపర్ బౌల్‌లు గెలవడంలో ప్రధానపాత్ర వహించాడు. మొదటిదానిలో పార్శ్వపు తలనొప్పితో చూపు మసకబారి కొంతసేపు బయట కూర్చొని కూడా 157 గజాలు, మూడు టచ్‌డౌన్లు సాధించాడు. 1999 ఆరంభంలో మోకాలు తెగింది. మొత్తం 78 ఆటలతో కథ ముగిసింది. హాల్ ఆఫ్ ఫేమ్ అతణ్ని 2017లోగాని పిలవలేదు. సేయర్స్‌కు వెంటనే తెరుచుకున్న తలుపు డేవిస్‌కు అంత ఆలస్యంగా తెరుచుకోవడానికి కారణం ఆట కాదు, ఆడిన కాలపు లెక్క. దీర్ఘకాలికతను లక్షణంగా పట్టుకున్నవారి పట్టు ఎంత బలమైనదో దీనివల్ల తెలుస్తుంది.

తెలుగు సాహిత్య విద్యార్థికి ఇందులో వింతేమీ ఉండదు. భారతాంధ్రీకరణలో తిక్కన పదిహేను పర్వాలు రచించాడు. నన్నయ రెండున్నర పర్వాల దగ్గర ఆగిపోయాడు. పర్వాల సంఖ్యతో వారి తారతమ్యాన్ని ఎవరూ నిర్ణయించలేదు.

అతివ్యాప్తి సంగతి ఇంకా తేలిక. పదివేల గజాలు దాటినా హాల్ ఆఫ్ ఫేమ్ చేరనివారు పలువురున్నారు. 2025 నాటికి ఫ్రెడ్ టేలర్ (11,695), స్టీవెన్ జాక్సన్ (11,438), కోరీ డిల్లన్ (11,241) ఆ వరుసలోని వారే. వీరిలో డిల్లన్ ఉదాహరణ రెండువైపులా కోస్తుంది. 1977లో పేటన్ ఒకే ఆటలో పరుగెత్తిన 275 గజాల రికార్డును 2000లో 278 గజాలతో దాటినవాడు డిల్లనే. కాలం చాలినా, ఒకరోజు శిఖరం అందినా ఔన్నత్యం సిద్ధించలేదు. కాబట్టి దీర్ఘకాలికతను కాదని ఒకానొక దినపు మెరుపును లక్షణంగా నిలబెట్టాలనుకునేవారికి కూడా ఇది జవాబు.

మొత్తం, సగటు – రెండూ పక్షపాతులే:

ఈ చర్చలో ఒక పక్షం మొత్తం గజాలను, మరొక పక్షం పరుగుకు సగటు గజాలను ప్రమాణంగా తీసుకుంటుంది. ఈ రెండింటిలో ఏదీ తటస్థమైన కొలబద్ద కాదు.

క్రీడాజీవితపు మొత్తం దాదాపు ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుంది. ఎంత చెడ్డ సీజన్ అయినా ఆ మొత్తానికి కొంత కలుపుతుందేగాని తీసివేయదు. స్మిత్ 1999 చివరికి 13,963 గజాల వద్ద ఉన్నాడు. మిగిలిన 4,392 గజాలు చివరి ఐదు సీజన్లవి. ఆ ఐదేళ్లలో పరుగుకు సగటు 3.8 గజాలు. 2003లో 90 పరుగులకు 256 గజాలు, అంటే సగటున మూడు గజాలు కూడా లేవు. ఆ ఏడాది అతని ఆట చూసినవారెవరూ దాన్ని ఔన్నత్యానికి సాక్ష్యంగా చూపరు. అయినా ఆ 256 గజాలు రికార్డులో భాగమే. అలాగని అరిజోనాలో గడిపిన రెండేళ్లను తీసివేసినా 17,162 గజాలతో రికార్డు అతనిదే అవుతుందన్న మాట కూడా న్యాయంగా చెప్పాలి.

సగటు ఇందుకు విరుద్ధం. నిలిచి ఆడినవాణ్ని అది శిక్షిస్తుంది, తొందరగా వెళ్లిపోయినవాణ్ని కాపాడుతుంది. జిమ్ బ్రౌన్ సగటు 5.2 గజాలు. 1957 నుంచి 1965 వరకు తొమ్మిది సీజన్లలో ఎనిమిదిసార్లు లీగ్‌లో అతనిదే అగ్రస్థానం. ముప్పై ఏళ్ల వయసులో, అత్యుత్తమ ఆటగాడి పురస్కారం అందుకున్న సీజన్ తరువాత, లండన్‌లో సినిమా చిత్రీకరణలో ఉండగా విరమణ ప్రకటించాడు. ముప్పైమూడేళ్ల జిమ్ బ్రౌన్ ఎలా పరుగెత్తేవాడో లోకం చూడలేదు. స్మిత్‌ను చూసింది. ముగ్గిన పండును, రాలిన పండును ఒకే బుట్టలో వేసి తూచడం వంటిదే ఈ పోలిక.

దీనికి తోడు కాలం పొడవు కూడా మారుతూ వచ్చింది. బ్రౌన్ తొలి నాలుగేళ్లలో సీజన్‌కు 12 ఆటలు, తరువాతి ఐదేళ్లలో 14. 1978 నుంచి 16, 2021 నుంచి 17. బ్రౌన్ ఒక్క ఆటకు కూడా దూరం కాకుండా ఆడినవి 118. నేటి లెక్కలో అది ఏడు సీజన్లకు ఒక ఆట తక్కువ. ఆటకు 104.3 గజాల చొప్పున 12,312 గజాలు సాధించాడు. 1984లో పేటన్ దాటేవరకు ఆ మొత్తమే రికార్డు. "తొమ్మిదేళ్లు" అన్న మాట ఆనాడు, ఈనాడు ఒకే కొలతను సూచించదు.

ఫ్రాంక్ గోర్ ప్రశ్న:

దీర్ఘకాలికత ఒక్కటే చాలునా అన్న ప్రశ్నకు నిజమైన పరీక్ష ఫ్రాంక్ గోర్. సేయర్స్ పక్షాన మాట్లాడటం సులభం, డిల్లన్‌ను పక్కనపెట్టడం కూడా సులభం. గోర్ దగ్గర రెండూ కష్టమే.

2005 నుంచి 2020 వరకు పదహారు సీజన్లు, 241 ఆటలు, సరిగ్గా 16,000 గజాలు. స్మిత్, పేటన్‌ల తరువాత మూడో స్థానం. 15,269 గజాల శాండర్స్ కూడా ఇతని వెనుకే. అయినా గోర్ ఏ ఒక్క సీజన్‌లోనూ లీగ్‌లో అగ్రస్థానం పొందలేదు. అతని అత్యుత్తమ సంవత్సరమైన 2006లో 1,695 గజాలు పరుగెత్తినప్పుడు కూడా ఇద్దరు అతనికంటే ముందున్నారు. లీగ్ ప్రథమశ్రేణి ఉత్తమ జట్టులో ఎన్నడూ పేరు రాలేదు. ఆటకు సగటు 66 గజాలు. శాండర్స్‌ది దాదాపు 100. పదహారేళ్లలో ఏ రోజున అడిగినా "ఈ దేశంలో ఇప్పుడు అందరికంటే మేటి రన్నింగ్ బ్యాక్ ఎవరు" అన్న ప్రశ్నకు గోర్ అన్న జవాబు సాధారణంగా వచ్చేది కాదు.

అయితే ఇక్కడితో ఆగిపోవడం అన్యాయం. మయామీ విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లోనే గోర్ రెండు మోకాళ్ల లిగమెంట్లూ వేర్వేరుగా తెగిపోయాయి. అందువల్లనే 2005 ఎంపికల్లో అతణ్ని మూడో రౌండు వరకు ఎవరూ తీసుకోలేదు. ఆ ఏడాది మొదటి ఐదు ఎంపికల్లోనే ముగ్గురు రన్నింగ్ బ్యాక్‌లున్నారు: రానీ బ్రౌన్, సెడ్రిక్ బెన్సన్, కాడిలాక్ విలియమ్స్. ముగ్గురూ ప్రతిభావంతులే. ఆ ముగ్గురి జీవితకాలపు గజాలన్నీ కలిపినా గోర్ ఒక్కడి 16,000కు చేరవు. ఈ ఒక్క వాస్తవం దీర్ఘకాలికత కేవలం కాలక్షేపం కాదని చెబుతుంది. దెబ్బ తగలకుండా పడటం, ఢీకొట్టే కోణాన్ని చివరిక్షణంలో మార్చుకోవడం, వేగం తగ్గినకొద్దీ సందును ముందుగా చదవడం – ఇవన్నీ నైపుణ్యాలే. ముప్పైమూడేళ్ల వయసులో, 2016లో, గోర్ 1,025 గజాలు పరుగెత్తాడు. ఆ వయసుకు అతని తోటివారిలో అత్యధికులు ఆట మానేసి చాలా కాలమైంది. అదీగాక, క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకే ప్రత్యర్థులను అడ్డుకోవడంలో గోర్‌కు మంచి పేరుంది. గజాల లెక్కలో ఆ పనికి పద్దు లేదు. అతణ్ని జట్లు అంతకాలం అట్టిపెట్టుకోవడానికి ఆ లెక్కకు రాని పని కూడా ఒక కారణం.

ఈ దృష్టితో చూస్తే గోర్ సాధించినది అసాధారణం. కాని అసాధారణమైనదంతా ఒకే జాతికి చెందదు. గోర్‌ది ఓర్పులో, దేహనిర్వహణలో ఔన్నత్యం. పేటన్, స్మిత్‌లది ఆటలో ఔన్నత్యం, దానికి ఓర్పు తోడైంది. దీర్ఘకాలికత గుణకం వంటిది. శిఖరం ఉన్నచోట దాన్ని ఎన్నో రెట్లు చేస్తుంది. శిఖరం లేనిచోట విశాలమైన పీఠభూమిని ఇస్తుంది. పీఠభూమికి దాని గౌరవం దానికుంది. దాన్ని శిఖరమని పిలవనక్కరలేదు.

స్మిత్‌పై ఆక్షేపణ ఈ కారణంగానే నిలవదు. 1991, 1992, 1993, 1995 – నాలుగు సీజన్లలో అతడు లీగ్‌లో అగ్రగామి. 1993లో ఒప్పందం కుదరక మొదటి రెండు ఆటలకు దూరంగా ఉంటే డల్లాస్ రెండూ ఓడింది. అతడు వచ్చాక అదే జట్టు సూపర్ బౌల్ గెలిచింది. ఆ సీజన్ చివరి ఆటలో, 1994 జనవరి 2న, న్యూయార్క్ జెయింట్స్ మీద భుజం కీలు తప్పిన తరువాత కూడా మైదానం విడవకుండా మొత్తం 168 గజాలు పరుగెత్తాడు, పది బంతులు అందుకున్నాడు. డల్లాస్ లైన్‌మెన్ గొప్పవారన్నది నిజమే. ఆ లైన్ వెనుక వేరొకరు పరుగెత్తిన రెండు ఆటల ఫలితం కూడా నిజమే.

కర్టిస్ మార్టిన్‌ది మరొక తరహా. ఏటా వెయ్యి గజాలు దాటుతూ, ఎవరి నోటా "మేటి" అనిపించుకోకుండా తొమ్మిదేళ్లు గడిపాడు. పదో ఏట, 2004లో, ముప్పైఒకటో ఏట, ఒకే ఒక్క గజం తేడాతో షాన్ అలెగ్జాండర్‌ను మించి 1,697 గజాలతో అగ్రస్థానం పొందాడు. ఇతని విషయంలో శిఖరం దీర్ఘకాలికతకు ముందు కాదు, దాని ఫలంగా వచ్చింది. తొమ్మిదో ఏటనే ఆగి ఉంటే మార్టిన్ గురించి తీర్పు వేరుగా ఉండేదేమో.

ఆగిపోయే హక్కు:

దీర్ఘకాలికతను లక్షణంగా అంగీకరిస్తే వచ్చే మరొక చిక్కు గణితానికి సంబంధించినది కాదు. 1999 జూలైలో, శిక్షణ శిబిరం మొదలవుతున్న వేళ, బ్యారీ శాండర్స్ తన సొంత ఊరు విచిటాలోని పత్రికకు ఒక ఫ్యాక్స్ పంపి ఆట మానేశాడు. అప్పటికి పదేళ్లలో ఏ సీజన్‌లోనూ వెయ్యి గజాలకు తగ్గలేదు. 1997లో 2,053 గజాలు. పేటన్ రికార్డుకు మిగిలినది 1,457 గజాలు, శాండర్స్ అంతకుముందు సీజన్‌లో పరుగెత్తినది 1,491. ఇంకొక్క ఏడాది ఉంటే చాలు. అతడు ఉండలేదు. పదేళ్లలో డెట్రాయిట్ ఒక్క ప్లేఆఫ్ ఆట మాత్రమే గెలిచింది, ఆ విసుగు ఒక కారణం. గొప్పతనం గజాల మొత్తంలోనే ఉంటే, ఆ ఒక్క ఏడాదిని వదులుకున్నందుకు శాండర్స్ తక్కువవాడు కావాలి. అతని ఆట చూసినవారెవరూ ఆ మాట అనరు.

ఎంతకాలం ఆడతాడన్నది ఆటగాడి ఇష్టం మీదనే ఆధారపడదు. 2011 నాటి కార్మిక ఒప్పందం తరువాత కొత్తగా వచ్చేవారికి మొదటి నాలుగేళ్ల వేతనం ముందే నిర్ణయమై ఉంటుంది. రన్నింగ్ బ్యాక్ దేహం అత్యుత్తమంగా పనిచేసే సంవత్సరాలు ఆ నాలుగేళ్లలోనే చాలావరకు గడిచిపోతాయి. తరువాత అతనికి పెద్దమొత్తం ఇచ్చేకంటే మరొక యువకుణ్ని తీసుకోవడమే జట్లకు లాభం. 2023 వేసవిలో సాక్వాన్ బార్క్‌లీ, జాష్ జేకబ్స్ వంటివారికి దీర్ఘకాల ఒప్పందాలు దొరకకపోవడం దీనివల్లనే. మరుసటి ఏడాది ఫిలడెల్ఫియాకు మారిన బార్క్‌లీ 2,005 గజాలు పరుగెత్తి సూపర్ బౌల్ గెలిచిన జట్టులో నిలిచాడు. అయినా స్మిత్ మొత్తాన్ని అందుకునేంత కాలం ఈ తరంలో ఎవరికైనా దొరుకుతుందా అన్నది ప్రతిభకు సంబంధించిన ప్రశ్న కాదు, జమాఖర్చులకు సంబంధించినది.

ఇక ఆ కాలాన్ని దేహం ఏ రూపంలో చెల్లిస్తుందో తెలుసుకోవాలంటే ఎర్ల్ క్యాంప్‌బెల్‌ను చూడాలి. 1978లో మొత్తం ఎంపికల్లో మొదటివాడిగా హ్యూస్టన్ ఆయిలర్స్‌లో చేరాడు. తొలి మూడు సీజన్లలోనూ లీగ్‌లో అగ్రస్థానం అతనిదే. తప్పించుకోవడం అతని పద్ధతి కాదు, ఎదురుగా వచ్చినవాణ్ని గుద్దుకొని పోవడమే. 1980లో అతనికి 373సార్లు బంతి అందించారు, 1,934 గజాలు వచ్చాయి. ఆ తరువాత ఏ ఏడూ ఆ అంకె దరిదాపులకు చేరలేదు. 1985లో న్యూ ఆర్లీన్స్‌లో ముగించేసరికి ఎనిమిది సీజన్లు, 9,407 గజాలు. 1991లో హాల్ ఆఫ్ ఫేమ్ ఆహ్వానించింది. వెన్నెముక, మోకాళ్లు దెబ్బతిని, నడివయసులోనే అతనికి ఊతం లేకుండా నడవడం కష్టమైంది. దూరప్రయాణాలకు చక్రాల కుర్చీ తప్పనిసరి అయింది.